స్టాగరా, స్టంబులా?

నడక తప్పడాన్ని చెప్పే ఈ రెండు ఇంగ్లిష్ మాటల్ని పిల్లలు ఒకదాని బదులు ఇంకొకటి రాసేస్తుంటారు. తేడా అంతా కారణంలో ఉంది.

స్టంబుల్‌లో ఎక్కువగా కాలికి ఏదో ఒకటి తాకుతుంది. ఖిలా వరంగల్‌లో తల పైకెత్తి తోరణం మీది హంసల్ని చూస్తూ నడుస్తుంటాం. కింద పడున్న చెక్కడపు రాయి బొటనవేలికి తాకుతుంది, ఒళ్లు ఒక్కసారి ముందుకు పోతుంది, రెండడుగుల్లో తమాయించుకుంటాం. క్షణంలో అయిపోతుంది. మాట తడబడినా స్టంబుల్ అనే అంటారు.

స్టాగర్‌లో రాయి ఉండదు, కాళ్లలో సత్తువే చాలదు. మేడారంలో బంగారం మొక్కు, అదే బెల్లం ముద్దలు, నెత్తిన పెట్టుకుని గద్దెల వైపు కదిలేవాళ్లను చూడండి. మెడ నరాలు బిగుస్తాయి, అడుగు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పడుతుంది. తూలుతూనే పోతారు, ఆగరు. తాగినవాళ్ల నడకకూ ఇదే మాట గానీ, దాన్ని తాగుడుకే కట్టేయడం నాకు నచ్చదు.

నేనైతే ముందు స్టంబుల్ నేర్పమంటాను, పట్టుకోవడం తేలిక. వెనక ‘ఓవర్’ చేర్చి దేనికి కాలు తగిలిందో చెప్పొచ్చు. స్టాగర్‌కు ‘అండర్’ చేర్చి ఏ బరువు కింద తూలారో చెప్పొచ్చు.