లేత్‌తో ఉచితంగా వచ్చిన ఇనుప పళ్ళెం: గిన్నెలు తీసేవారికి ఒక సమీక్ష

కర్ర లేత్, అంటే కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం, కొన్నవారు పెట్టె విప్పగానే మోటారును తడిమి చూస్తారు, బల్ల పొడవు కొలుస్తారు, వేగం తగ్గించి పెంచే మీటను అటూ ఇటూ తిప్పి సంతోషిస్తారు. పెట్టె అడుగున నూనె కాగితంలో చుట్టి ఉండే మూడంగుళాల పోత ఇనుప పళ్ళేన్ని మాత్రం ఒకసారి చూసి పక్కన పెట్టేస్తారు. ఫేస్‌ప్లేట్ అని దాని పేరు. కర్ర మొద్దును స్క్రూలతో దీనికి బిగించి, దీన్ని లేత్ ఇరుసుకు ఎక్కిస్తారు. మధ్యలో మరలున్న బొడ్డు, చుట్టూ స్క్రూలకు బెజ్జాలు తప్ప అందులో చూడదగ్గది ఏమీ లేదు. అయినా ఈ యంత్రాన్ని ఎండాకాలాల్లోనూ వానాకాలాల్లోనూ వాడిన తరువాత, ఇందులో నాకు మనసారా నచ్చిన భాగం ఏదని ఎవరైనా అడిగితే ఆ పళ్ళేన్నే చూపిస్తాను. మోటారు శక్తి, బరువు, బల్ల కొలతలు అమ్మేవారే రాసి పెడతారు గనుక వాటి జోలికి పోవడం లేదు.

మాది ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి పనస చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. బొబ్బిలిలో వీణలు చెక్కేది పనస కర్రతోనే అని తెలిసిన ఇంట్లో ఆ దుంగలను పొయ్యిలో పెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. కోయించి, చివర్లకు మైనం పూసి, రేకుల కొట్టంలో పేర్చాము. లేత్ కొన్నది వాటి కోసమే. ఆ తరువాత వీధిలో ఎవరు మామిడి కొమ్మ కొట్టించినా, నేరేడు మొద్దు తీయించినా మాకు కబురు రావడం మొదలైంది. కాబట్టి నా చేతిలో పడేది ఎక్కువగా పచ్చి కర్ర, లావు కర్ర, ఖర్చు లేని కర్ర. ఈ మూడూ గుర్తుంచుకుని తక్కినది చదవాలి.

మా వైపు వారికి లేత్ పని అంటే ఏటికొప్పాక లక్క బొమ్మలే గుర్తుకొస్తాయి. అంకుడు కర్రను కుదురుగా తిప్పి ఉలి ఆనిస్తే బొమ్మ రూపు దిద్దుకోవడాన్ని చూసినవారికి, గిన్నె కూడా అదే పని, కాస్త పెద్దది అంతే అనిపిస్తుంది. నిజానికి రెండింటికీ పోలిక తక్కువ. బొమ్మలోనూ మంచం కోడులోనూ కర్ర నార లేత్ ఇరుసు వెంటే సాగుతుంది. గిన్నె కోసం దుంగను నిలువునా చీల్చి తీసిన మొద్దులో నార ఇరుసుకు అడ్డంగా ఉంటుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ ఉలికి రెండుసార్లు నార పక్కభాగం, రెండుసార్లు నార చివర ఎదురవుతాయి. గిన్నె బయటివైపు అడుగు నుంచి అంచు వైపుకు, లోపలివైపు అంచు నుంచి మధ్యకు కోత నడవాలని చెప్పేది ఈ కారణంగానే. కోడులను గుండ్రం చేసే వెడల్పాటి గాడి ఉలి, రఫింగ్ గౌజ్‌ను గిన్నె మీద పెట్టకూడదనడానికి కూడా కారణం ఉంది: పిడిలోకి దిగే దాని తోక సన్నం, నార చివర దెబ్బకు అది విరుగుతుంది. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే. అంతగా ఎవరూ చెప్పనిది మొద్దును పట్టి ఉంచడం గురించి. గిన్నె లోపల తొలిచేటప్పుడు మొద్దుకు రెండో చివర ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్‌ను వెనక్కి జరపక తప్పదు. అప్పుడు మొద్దు బరువూ ఉలి ఒత్తిడీ మొత్తం ఒక్క చివరే మోయాలి.

ఆ చివర ఏముండాలన్న ప్రశ్నకు అందరి దగ్గరా ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది: నాలుగు దవడల చక్. నేను కూడా కొన్నాను. కొన్న కొత్తలో దాని గురించి అడిగినవారికీ అడగనివారికీ కూడా గొప్పగా చెప్పాను. మొద్దు అడుగున పొట్టి కుసి, అంటే పొడుచుకొచ్చిన గుండ్రని బుడిపె, ఒకటి తీసి, దవడల మధ్య పెట్టి, తాళం చెవి తిప్పితే బిగుస్తుంది. తీయాలంటే అంతే సులువుగా వస్తుంది. ఎండిన మామిడితో చిన్న గిన్నెలు తీసినంత కాలం ఆ పొగడ్తలో అబద్ధం ఏమీ లేదు.

పచ్చి పనస మొద్దు ఎక్కించినప్పుడు కథ మారింది. సుమారు పదంగుళాల మొద్దు అది. చక్ పెట్టె మీద అచ్చువేసిన పట్టు కొలతలో పెద్ద అంకెకు దగ్గరగా ఉండేలా కుసి తీశాను, పెద్ద మొద్దుకు పెద్ద కుసి ఉండాలి గనుక. బయటి రూపం చక్కగా వచ్చింది. లోపల సగం తొలిచేసరికి ఉలి కింద చప్పుడు మారింది. అప్పటిదాకా సాగిన చెరచెర శబ్దంలో మధ్యమధ్య ఒక టకటక కలిసింది. మోటారు ఆపే మీట మీదికి చెయ్యి వెళ్ళేలోపే మొద్దు దవడల్లోంచి ఊడి, బల్ల మీద ఒకసారి కొట్టుకుని, రేకు గోడకు తగిలి కింద పడింది. అంచుకు ఎదురుగా నిలబడకుండా పక్కన నిలబడే అలవాటు, ముఖానికి ఫేస్ షీల్డ్ ఉండబట్టి నాకేమీ కాలేదు. పదంగుళాల మొద్దు నిమిషానికి 600 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 29 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఇది పట్టించుకోనక్కరలేని వేగం కాదు. రేకు మీద సొట్ట ఇప్పటికీ ఉంది.

విరిగిన కుసిని చేతిలోకి తీసుకుని చూస్తే రెండు సంగతులు కనిపించాయి. మొదటిది, దాని చుట్టూ ఎనిమిది చోట్ల మాత్రమే నొక్కుడు గుంటలున్నాయి, మధ్య భాగాలకు దవడ తగిలిన జాడే లేదు. దవడల లోపలి వంపు ఒకే ఒక కొలత దగ్గర, అంటే దాదాపు మూసి ఉన్నప్పుడే పూర్తి వృత్తంగా కలుస్తుంది. అంతకన్నా తెరిచే కొద్దీ ఒక్కో దవడ రెండు మూలలతోనే కరుస్తుంది. పచ్చి కర్ర మెత్తన కాబట్టి ఆ మూలలు దాన్ని నలిపేసి పట్టు వదిలేస్తాయి. పెట్టె మీది పెద్ద అంకె అబద్ధం కాదు, అంతవరకూ తెరుచుకుంటుంది. తెరుచుకున్నచోట పట్టు ఎంత ఉంటుందన్నది మాత్రం అచ్చువేయలేదు. ఈ విషయమే అడుగుదామని అమ్మినవారికి ఫోన్ చేస్తే, పాతపట్నం వరకే తమ ఏరియా అనీ, ఒడిశా వారిని అడగమనీ అన్నారు. ఒడిశా వారేమో సరుకు ఆంధ్రాలో కొన్నది కదా అన్నారు. పాతపట్నానికీ మా ఊరికీ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే.

రెండో సంగతి చెప్పింది మా వీధిలో కొమ్ము పని చేసే పెద్దాయన. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. కొమ్ములోనైనా కర్రలోనైనా పొర ఎటు పోతుందో ఆ పనివారికి వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఆయన కుసిని అటూ ఇటూ తిప్పి, పొర వెంట గోటితో గీసి, "ఇది కర్ర తప్పు కాదు బాబూ. నార అడ్డంగా పడుకునుంటే పొట్టి కుసికి పట్టేటుంటాది? పొర పొరా ఊడొచ్చేస్తాది," అన్నారు. ఆ తరువాత మూల పడి ఉన్న ఫేస్‌ప్లేట్‌ను చూసి, "దీనికి మేకులు నిలువుగా దిగుతాయి కదా, దీన్నెందుకు పక్కనెట్టారు?" అని అడిగారు.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. కుసికి దొరికేది అంగుళంలో మూడోవంతు మందం ఉన్న పొట్టి నార. పక్క నుంచి ఒత్తిడి వస్తే అది పొరలుగా చీలుతుంది. ఫేస్‌ప్లేట్ స్క్రూలు ఆ పొరలన్నిటినీ నిలువుగా పొడుచుకుంటూ అంగుళం లోతు దిగుతాయి. విస్తరిలో ఆకులను పుల్ల కుట్టి పట్టినట్టు అవి పొరలను ఒకదానికొకటి కలిపి పడతాయి. అదే స్క్రూ నార చివరలోకి దిగితే పట్టు నిలవదు. గిన్నె మొద్దులో స్క్రూ ఎప్పుడూ నారకు అడ్డంగానే దిగుతుంది కాబట్టి ఆ బెంగ లేదు. అప్పటి నుంచి పచ్చి మొద్దు ఏదైనా ముందు పళ్ళెం మీదికే ఎక్కుతోంది. పట్టు వదిలిన మొద్దు ఇంతవరకూ లేదు.

స్క్రూల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. కొట్టులో స్క్రూలు అడిగితే ముందు చేతిలో పెట్టేది ఫాల్స్ సీలింగ్‌కు వాడే నల్ల స్క్రూలను. అవి పెళుసు. మెలితిప్పు తట్టుకోలేక తల దగ్గర తెగిపోతాయి, తెగిన ముక్క కర్రలోనే ఉండిపోతుంది. తిరిగే మొద్దుకు అవి పనికిరావు. లావుపాటి 12 లేదా 14 నంబరు స్క్రూలు అడిగి తీసుకుని, ముందుగా సన్నని బెజ్జం వేసి బిగించాలి. పచ్చి కర్ర ఎండే కొద్దీ కుంచించుకుంటుంది గనుక పని మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు స్క్రూలను ఒకసారి బిగించి చూడడం మంచిది. పళ్ళెం ఇరుసుకు పట్టేసి ఊడిరాకపోవడం ఇంకో చిరాకు. పెరుగు డబ్బా మూత నుంచి పలచని వాషర్ కత్తిరించి మధ్యలో వేస్తే ఆ బాధ తప్పుతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. గిన్నెకు నోరు కాబోయే వైపు ముందుగా పళ్ళెం బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరాతో బయటి రూపం తీసి, అడుగును నున్నగా చదును చేస్తాను. నోటి వైపు స్క్రూ బెజ్జాలు తరువాత తొలిచేటప్పుడు పొట్టుగా రాలిపోతాయి. ఆ పైన పళ్ళెం అడుగుకు మారుతుంది, లోపల తొలవడం సాగుతుంది. పచ్చి గిన్నె గోడను వ్యాసంలో పదోవంతు మందం ఉంచి, పదంగుళాల గిన్నెకు అంగుళం చొప్పున వదిలేసి, నెలల తరబడి ఆరనిస్తాను. బరువు తూచి చూస్తూ, తగ్గడం ఆగిన తరువాత, గుడ్డు ఆకారంలోకి వంగిన ఆ గిన్నెను మళ్ళీ ఎక్కించి గుండ్రం చేస్తాను.

అనుకోని లాభం ఒకటి చివరి మెట్టులో దొరికింది. గిన్నె పూర్తయ్యాక అడుగున మిగిలిన స్క్రూ బెజ్జాల భాగాన్ని తీసేయడానికి దాన్ని తలకిందులుగా పట్టుకోవాలి. ఇందుకోసం రబ్బరు బుడిపెలున్న వెడల్పు దవడలను విడిగా అమ్ముతారు. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న రోజుల్లో, పళ్ళేనికి పనికిరాని మామిడి పలక ఒకటి బిగించి, అందులో గిన్నె అంచు సరిగ్గా ఇమిడేంత గాడి తీసి చూశాను. అరచేతితో నొక్కితే గిన్నె అంచు గాడిలో బిర్రుగా కూర్చుంది. టెయిల్‌స్టాక్ మొనను అడుగున ఆనించి మెల్లగా కోసుకుంటూ వచ్చాను. మధ్యలో వేలెడంత పొడవున మిగిలిన బుడిపెను చేతి ఉలితో తీసేసి నున్నబరిచాను. బెజ్జాల ఆనవాలు లేదు. తరువాతి గిన్నె పెద్దదైతే అదే పలకలో గాడిని బయటికి జరుపుకోవచ్చు. పలక అరిగిపోయే దాకా ఎన్ని కొలతలకైనా అదొక్కటే సరిపోతుంది.

ఇంత చెప్పాక ఈ పళ్ళెం వల్ల నష్టాలను దాచడం న్యాయం కాదు. అడుగున స్క్రూలు దిగిన అంగుళం కర్ర పూర్తిగా వృథా. రెండంగుళాల మందం పలకతో గిన్నె తీయాలనుకునేవారికి అది సగం కర్ర. లోపల తొలిచేటప్పుడు స్క్రూ మొన ఎంత లోతున ఉందో గుర్తు పెట్టుకోకపోతే ఉలి అంచు ఇనుముకు తగులుతుంది. వృథా చెక్కను జిగురుతో అంటించి దానికి స్క్రూలు వేయవచ్చు గానీ, మామూలు తెల్ల జిగురు పచ్చి కర్రకు అంటుకోదు; ఎండిన కర్రకే ఆ ఉపాయం. అన్నిటికీ మించి, ఊడదీసి బిగించడానికి చాలా సమయం పోతుంది. అందుకే ఎండిన కర్రతో చిన్న గిన్నెలు తీసే రోజుల్లో నేను ఇప్పటికీ చక్‌నే వాడుతున్నాను, అయితే కుసిని దవడలు దాదాపు మూసుకునే కొలతకే తీస్తున్నాను. దవడల పైభాగానికి గిన్నె భుజం ఆనాలి, కుసి చివర చక్ అడుగుకు తగలకూడదు. ఈ మూడూ కుదిరితే చక్ మీద ఫిర్యాదు ఉండదు.

యంత్రం సంగతి కూడా ఒక మాట. చప్పుడు లేని యంత్రమని మొదట్లో మురిసిన మాట నిజమే. ఇప్పుడు పై వేగంలో బేరింగు సన్నగా ఈల వేస్తోంది. కనిష్ఠ వేగం నిమిషానికి 500 చుట్లు కావడం వంకర మొద్దులకు ఎక్కువే. మొద్దును రంపంతో వీలైనంత గుండ్రంగా కోసి ఎక్కించక తప్పడం లేదు. సాయంత్రం వోల్టేజి పడిపోయే వేళల్లో లోతు కోతకు మోటారు మొరాయిస్తుంది గనుక నా పని పొద్దుటి పూటే. ఎండిన పలకలు డిపోలో కొనుక్కునేవారూ, చిన్న కొట్టంలో పచ్చి కర్రను నెలల తరబడి దాచుకునే చోటు లేనివారూ ముందు చక్ కొనడమే మంచిదేమో. నాలాగా పెరట్లో దుంగలు ఉన్నవారు చక్ డబ్బును కొన్నాళ్ళు జేబులోనే ఉంచుకుని, ఆ డబ్బులో కొంత గిన్నెలు తొలిచే మంచి గాడి ఉలి (బౌల్ గౌజ్) మీదా సానరాయి మీదా పెట్టవచ్చు.

పళ్ళెం ఒక్కటే ఉంటే గిన్నె ఆరేలోపు పని ఆగిపోతుంది కాబట్టి రెండోది, మూడోది కావాలనిపిస్తుంది. నా లేత్ ఇరుసు అంగుళం లావు, అంగుళానికి ఎనిమిది మరలు. ఈ కొలత నట్టు పాత ఇనుప కొట్లలో సులువుగా దొరుకుతుంది గనుక దాన్ని ఇనుప పలకకు వెల్డింగ్ చేయించి, ఇనుము కోసే లేత్ మీద చదును చేయిస్తే చవకలో పని అవుతుంది. నేను అలాగే చేయించాను. అయితే కొట్లలో ఎక్కువగా ఉండేది పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ నట్టు. మరల లెక్క ఒకటే అయినా దాని పళ్ళ కోణం 55 డిగ్రీలు, లేత్ ఇరుసుది 60. ఎక్కుతుంది గానీ కొద్దిగా ఆడుతుంది, ఆ ఆట గిన్నె అంచులో తెలుస్తుంది. అమెరికన్ కొలతల యూఎన్‌సీ నట్టు అని అడిగి తీసుకోవాలి, లేకపోతే ఇరుసు కొలతతోనే కొత్తగా మరలు కోయించుకోవాలి.