పాత సినిమా అసలు సౌండు దాచాలంటే ఏది మేలు: ప్రింటా, డీటీఎస్ డిస్కా, వీసీడీనా?

‘శివ’ 2025 నవంబరు 14న డాల్బీ అట్మాస్‌లో మళ్లీ విడుదలైంది. 1989లో మోనోలో, అంటే అంతా ఒకే ట్రాకులో, మిక్స్ చేసిన సౌండుని ఏఐ సాయంతో విడదీసి హాలు చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచారు. సైకిల్ చైన్ లాగే సీన్‌కి ఈలలు మోగాయి, వాటిలో నాదీ ఒకటి. అంతకు చాలా ముందు, 2010 జనవరి 30న, ‘మాయాబజార్’ రంగులేసుకుని డీటీఎస్ 5.1 (ఐదు వైపుల స్పీకర్లు, బేస్‌కి ఒకటి) సౌండుతో హాళ్లకి వచ్చింది. ఈ ముస్తాబుల మీద నాకు కోపమేమీ లేదు. కొత్తది వచ్చిన మర్నాటి నుంచి పాతది కనపడకుండా పోతుందే, అక్కడే పేచీ. టీవీకి కొత్త ట్రాకే, ఓటీటీకి అదే, యూట్యూబ్‌కీ అదే. మాట, పాట, రీరికార్డింగ్ అన్నీ తెర వెనక నుంచి ఒకే దారిలో వచ్చిన ఆ పాత మిక్స్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

చాలాసార్లు అభిమానుల దగ్గరే ఉంటుంది. అమెరికాలో ఈ పని ఎప్పుడో మొదలైంది. 1977లో ‘స్టార్ వార్స్’కి మూడు మిక్స్‌లు చేశారు: 70 ఎం.ఎం. హాళ్లకి ఆరు ట్రాకులది, 35 ఎం.ఎం.కి డాల్బీ స్టీరియో, మామూలు హాళ్లకి మోనో. ఒకదాంట్లో వినిపించే డైలాగు ఇంకోదాంట్లో ఉండదు. దర్శకుడు తర్వాత మార్చిన వెర్షనే బజార్లో మిగిలాక, అభిమానులు ఒకరి టేపు, ఒకరి లేజర్‌డిస్కు (వీసీడీకి ముందటి పెద్ద సినిమా డిస్కు), ఒకరి ప్రింటు కలిపి 1977 నాటి సౌండుని మళ్లీ కూర్చుకున్నారు. మన ఇళ్లల్లో లేజర్‌డిస్కులు లేవు. మనకున్నవి హాళ్లు వదిలేసిన ప్రింట్లు, డీటీఎస్ డిస్కులు, అటక మీది వీసీడీలు, క్యాసెట్లు.

వైజాగ్‌లో మా బృందం చిన్నది. ఒకాయన ఒకప్పటి ప్రొజెక్టర్ ఆపరేటర్, ఒకడికి ఎలక్ట్రానిక్స్ పని తెలుసు, మిగిలినవాళ్లం పాటల పిచ్చివాళ్లం. మాలో తెగని వాదన ఒక్కటే, ఏ మూలం నుంచి తీస్తే మేలని. నా తీర్పు ముందే చెప్పేస్తాను. 1990ల నడుమ దాకా వచ్చిన సినిమాకి, దొరికితే, ప్రింటుదే పైచేయి. డీటీఎస్ కాలానికి డిస్కుకి ఎదురు లేదు. కానీ అన్నిటికంటే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది మాత్రం అందరూ చిన్నచూపు చూసే వీసీడీనే.

ప్రింటు: రాజే, కానీ ఒళ్లంతా దెబ్బలు

35 ఎం.ఎం. ప్రింటు మీద బొమ్మకీ పళ్ల రంధ్రాలకీ మధ్య సన్నటి గీత ఒకటి వంకర్లు తిరుగుతూ పోతుంది. అదే సౌండు. దీపం వెలుగు దాని గుండా పోయినప్పుడు వచ్చే హెచ్చుతగ్గులే స్పీకర్‌లో మాటలవుతాయి. సినిమా పూర్తయ్యాక సౌండ్ ఇంజనీరు ‘ఇదీ ఫైనల్’ అన్న మిక్స్ నేరుగా ఆ గీతలోకే ఎక్కింది కాబట్టి, మధ్యలో ఇంకెవరి చెయ్యీ పడలేదు. ప్రింటు గొప్పతనమంతా అదే.

ఇక దాని కష్టాలు. వైజాగ్‌లో మొదటి శత్రువు సముద్రం. ఏడాది పొడుగునా గాలిలో తేమే. పాత ఎసిటేట్ ఫిల్మ్ తేమా వేడీ తగిలితే కుళ్లడం మొదలెడుతుంది, డబ్బా మూత తియ్యగానే ముక్కు పగిలేలా వెనిగర్ వాసన కొడుతుంది. ఒకసారి మొదలైతే ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ని ఇంకా తొందరగా తింటుంది, పక్క డబ్బాకీ అంటిస్తుంది. వాసన వచ్చిన రీలుని మిగతావాటి నుంచి వేరుగా పెట్టాలి, ముందు దాన్నే కాపీ చెయ్యాలి. అలాంటి ఫిల్మ్ కుంచించుకుపోతుంది. రంధ్రాల మధ్య దూరం తగ్గి, ప్రొజెక్టర్ పళ్ల మీద సరిగ్గా కూర్చోదు. సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేముకి 4 రంధ్రాలు, మొత్తం 96. సౌండులో 96 హెర్ట్జ్ దగ్గర గురగుర వినిపిస్తే కారణం అక్కడ వెతకండి. 1990ల తర్వాతి పాలియెస్టర్ ప్రింట్లకి ఈ జబ్బు లేదు.

రెండో శత్రువు మనమే. ఆట టైముకి సరిపోవడానికి హాలువాళ్లు పాటలు కోసేవాళ్లు. ఒక ఊళ్లో కోసినది తర్వాత ఊళ్లో అతికించారనే నమ్మకం లేదు. ఈ కోతల్లో ఒక తమాషా ఉంది. సౌండు గీత తన బొమ్మ పక్కనే ఉండదు, 21 ఫ్రేములు ముందుంటుంది. అందుకని కోసి అతికించిన చోట ముందు బొమ్మ ఎగురుతుంది, దాదాపు 0.9 సెకను తర్వాత మాట ఎగురుతుంది. పాత హాళ్లలో హీరో ఉన్నట్టుండి గుమ్మం దాటి, వెనకటి సీన్ డైలాగు ఇంకో ముక్క పూర్తిచేసేవాడే, అది ఇదే. అతుకు వెయ్యడానికి కూర్చున్నప్పుడు ఈ లెక్క తెలియకపోతే ఏ ముక్క ఎక్కడిదో అర్థంకాక పిచ్చెక్కుతుంది.

ఎక్కువ అరిగేది రీలు మొదలూ చివరా. మా ఆపరేటర్ బాబాయ్ మాట: “ఆ కొసల మీద ఆశెట్టుకోకు బాబూ. ఎక్కించిన పెతీసారీ నేలకి రాసుకున్నవే అవి. మజ్జిలో ఇను, ఎంత బాగుంటాదో.” నిజమే, మధ్యలో ఉన్న నిమిషాలు విన్నప్పుడు వీసీడీ వినబుద్ధి కాదు. అదే పాటలో తబలా చర్మం మీద వేలు పడ్డ చప్పుడు వేరేగా తెలుస్తుంది.

ప్రింటు నుంచి సౌండు తియ్యడానికి రెండు దారులు. ప్రొజెక్టర్ సౌండ్ హెడ్ నుంచి వైరు లాగి రికార్డు చెయ్యడం చవక. కానీ బిగుసుకుపోయిన పాత మెషీను మీద మిగిలిన ఒక్క ప్రింటుని తిప్పడం నాకైతే గుండె దడ. రెండోది, గీతతో సహా ఫిల్మ్‌ని స్కాన్ చేయించి, ఆ బొమ్మల నుంచి కంప్యూటర్‌తో సౌండు చదివించడం. సౌత్ కెరొలైనా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఏఈఓ-లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికే ఉంది. ఖర్చంతా స్కానింగ్‌దే. రెండింట్లో ఎంచుకోమంటే డబ్బు కూడేదాకా ఆగి స్కాన్‌కే వెళ్లమంటాను.

ఇంకో మెలిక ఉంది. 1986లో కృష్ణ తీసిన ‘సింహాసనం’ తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా, ఆరు ట్రాకుల స్టీరియో. 70 ప్రింటు మీద సౌండు గీతగా ఉండదు, టేపులాంటి అయస్కాంతపు పూతల మీద ఉంటుంది. ఆ పూత రాలిపోతే సౌండూ అంతే. 70 సౌకర్యం లేని హాళ్లకి ఇలాంటి సినిమాలు 35 ప్రింటుగానే వెళ్లాయి. జగదాంబ లాంటి పెద్ద హాల్లో విన్న వాళ్లూ, పక్క ఊళ్లో 35లో విన్న వాళ్లూ విన్నది ఒకే సౌండు కాదు. రెండూ అసలువే. ఏది దొరికితే అది దాచి, ఏది దాచామో రాసుకోవడం తప్ప ఇందులో గెలుపోటములు లేవు.

డీటీఎస్ డిస్కు: దొరికితే పండగ

1993లో ‘జురాసిక్ పార్క్’తో వచ్చిన డీటీఎస్ పద్ధతి మన దగ్గర కూడా 1990ల చివర్లో హాళ్లకి పెద్ద ఆకర్షణ అయింది. పోస్టర్ మీద హీరో పేరుతో సమానంగా ‘డీటీఎస్’ అని వేసుకున్న రోజులవి. దీంట్లో డిజిటల్ సౌండు ఫిల్మ్ మీద ఉండదు. సీడీ-రామ్‌లలో ఉంటుంది, ఫిల్మ్ మీద పాత గీతతో పాటు, ఏ బొమ్మకి ఏ సౌండో మెషీనుకి చెప్పే టైమ్‌కోడ్ మాత్రమే ఉంటుంది. కోడ్ చెదిరినా, డిస్కు మొరాయించినా మెషీను మామూలు గీత మీదికి దిగిపోయేది. హాల్లో సౌండు ఒక్కసారిగా చప్పబడి, బాల్కనీ నుంచి నేల దాకా అందరూ ఆపరేటర్‌ని తిట్టే ఘట్టం అదే.

వీటి బలం ఏమిటంటే, ఎన్ని ఆటలు ఆడినా సౌండు అరగదు. నాలుగో వంతుకి కుదించిన డేటానే అయినా, మొదటి ఆట ఎలా ఉందో వందో ఆటా అంతే. గీతలు పడకుండా ఉంటే హాలు విన్నది విన్నట్టు మీ చేతిలో ఉన్నట్టే. మామూలు సీడీ ప్లేయర్‌లో మోగవు, ఫైళ్లని కంప్యూటర్‌లో విప్పాలి. ఒక్క జాగ్రత్త: ఇందులో సబ్‌వూఫర్‌కి వేరే ట్రాకు ఉండదు. సరౌండ్ ట్రాకుల్లో 80 హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా దానిదే. హాల్లో మెషీను దాన్ని విడగొట్టేది, ఇంట్లో మనమే విడగొట్టాలి. అది చెయ్యకుండా ‘బేస్ లేదు’ అని డిస్కుని తప్పుపట్టేవాళ్లు చాలామంది.

బలహీనత: మనిషి నిర్లక్ష్యం. డిస్కు ప్రింటు బాక్సులోనే వచ్చేది, బాక్సుతోనే పోయేది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి ప్రింట్లు మూలపడ్డాక, ఫిల్మ్‌ని కిలోల లెక్కన అమ్మినవాళ్లు డిస్కుల్ని పారేశారు. ఆపరేటర్ల ఇళ్లల్లో, పాత డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల అల్మరాల్లో అడిగితే ఇప్పటికీ బయటపడుతుంటాయి. అడగడానికి సిగ్గుపడకండి.

వీసీడీ, వీహెచ్ఎస్: పేదవాడి వెన్నెముక

వీసీడీ సౌండు సెకనుకి 224 కిలోబిట్లు. స్టీరియో మోజున్నవాళ్లు నవ్వుతారు. కానీ పాత మోనో సినిమాకి అది మరీ తక్కువేం కాదు. పైగా 5.1 మోజు పట్టకముందు చేసిన డిస్కుల్లో ఉన్నది ప్రింటు నుంచి ఎక్కించిన మిక్సే. డీవీడీ కవర్ మీద ‘5.1’ అని గొప్పగా ఉంటే కొనేముందు అనుమానించండి. కొత్తగా కలిపిన ఉరుములూ, గుర్రపు డెక్కలూ అందులోనే ఉంటాయి. వీహెచ్ఎస్ ఇంకా పాతదే గానీ, టేపు అంచున ఉండే మామూలు ట్రాకులో తీగ స్వరాలు మొద్దుబారతాయి. హై-ఫై ట్రాకు ఉన్న క్యాసెట్టయితే మాత్రం వదలొద్దు. మన తేమకి టేపుకి బూజు పడుతుంది, బూజు పట్టినదాన్ని ప్లేయర్‌లో పెడితే రెండూ పోతాయి.

వీసీడీతో అసలు చిక్కు వేగం. మనవి చాలావరకు సెకనుకి 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాని 25లో నడిపితే 4 శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి కూడా పైకి పోతుంది, హార్మోనియం మీద ఒక మెట్టులో దాదాపు 70 శాతం. ఘంటసాల గొంతు కాస్త పలచగా, తొందరలో ఉన్నట్టు వినిపిస్తే అనుమానం ఇదే కావాలి. యూట్యూబ్‌లో ఉన్న పాత సినిమాలు చాలా వాటికి ఈ జబ్బుంది. వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగొస్తుంది.

సరిచూసుకోవడానికి సెన్సార్ సర్టిఫికెట్ ఉంది, సినిమా మొదట్లో కనిపించేది. దాని మీద పొడవు మీటర్లలో ఉంటుంది. దాన్ని 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 4,389 మీటర్లంటే 160 నిమిషాలు. అదే సినిమా 25 ఫ్రేముల వీసీడీలో 153 నిమిషాల 36 సెకన్లు ఉండాలి. 148 ఉందంటే, ఎవరో ఎక్కడో కోశారు. కోతలు ఎంతో తేలాక, ఎక్కడో వెతకొచ్చు.

ముందు వీసీడీ అనడానికి నా కారణం ఇక్కడే ఉంది. పూర్తి ప్రింటు దాదాపు దొరకదు. మూడు రీళ్లు ఒకరి దగ్గర, ఐదు ఇంకొకరి దగ్గర ఉంటాయి. వాటిని వరసలో కూర్చాలంటే మొదటి నుంచి చివరిదాకా ఒక దారం కావాలి. ఆ దారం వీసీడీ. ప్రింటు దొరికిన చోటల్లా దాని సౌండు వేసి, దొరకని చోట వీసీడీ వదిలేస్తాం. ఒక్కసారిగా నాణ్యత మారినట్టు వినిపిస్తుంది. వినిపించనివ్వండి.

మిగతావి

పాటల క్యాసెట్, ఎల్‌పీ రికార్డు నుంచి సినిమాలో పాటని ‘మెరుగు’ పరచాలని చాలామందికి చెయ్యి దురద. వద్దు. రికార్డు మీది పాట, తెర మీది పాట తరచూ వేరు వేరు. చరణం ఎక్కువ తక్కువలుంటాయి, సినిమాలో మధ్యన అడుగుల చప్పుడు, నవ్వు కలుస్తాయి. మాటల క్యాసెట్లు ఇంకో సరదా. ‘దానవీరశూరకర్ణ’ (1977) డైలాగులు మైకులో వినకుండా పెళ్లి భోజనం చెయ్యని తరం ఒకటుంది. కానీ అది గంటకి కుదించిన కథ, ఆనవాలుగా మాత్రమే పనికొస్తుంది. హాల్లో ఎవరో ఈలలతో సహా టేపు రికార్డర్‌లో పట్టుకున్న పాత క్యాసెట్ దొరికితే నాకు ముద్దే, సినిమా సౌండుగా మాత్రం కాదు. ఇప్పుడు అలాంటి పని చెయ్యాలని చూడకండి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం హాల్లో రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షలకి తగ్గని జరిమానా.

శుభ్రం చెయ్యాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మా బృందంలో గొంతులు లేచేది ఇక్కడే. బుసబుస, చిటపటలు తీసేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అందరి లాప్‌టాప్‌లోనూ ఉంది. గట్టిగా వాడితే చిటపటతో పాటు ‘స’, ‘ష’ల పదును, సన్నివేశం వెనక ఉండే గది గాలి కూడా పోతాయి. మాటకీ మాటకీ మధ్య బావిలో పడ్డట్టు నిశ్శబ్దం వస్తుంది. మరోపక్క, ఏమీ ముట్టుకోకపోవడమే న్యాయం అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పాత మోనో మిక్స్ చేసినవాళ్లకి హాలు స్పీకర్ 8 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ పలకదని తెలుసు, దాన్ని లెక్కలో పెట్టుకునే చేశారు. గీతని నేరుగా చదివి హెడ్‌ఫోన్‌లో వింటే గరగర మనకి ఎక్కువ తెలుస్తుంది. అంటే పైన కాస్త దించడం కల్తీ కాదు, అప్పటి హాలు చేసిన పనే. అందుకని రెండు ఫైళ్లు: ముట్టుకోనిది ఒకటి, పైన దించి, పెద్ద చిటపటలు చేత్తో ఏరినది ఒకటి. ఒక్కదానికే చోటుంటే ముట్టుకోనిదే ఉంచండి. శుభ్రం రేపు ఎవరైనా ఇంకా బాగా చేస్తారు.

హక్కుల మాట కూడా. సినిమాకి కాపీరైటు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’కి ఆ గడువు 2017తో తీరింది, రంగుల వెర్షన్ లెక్క వేరు. గడువు తీరనివాటిని నలుగురికీ పంచకండి, నెట్‌లో పెట్టకండి. నిర్మాత కుటుంబానికో, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కో, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కో మన దగ్గర ఫలానాది ఉందని రాయండి. నాలుగు దశాబ్దాల నాటి సినిమాని 4కెలో మళ్లీ వదిలేవాళ్లని మనం అడగాల్సిందల్లా ఒక్కటే: అట్మాస్ పక్కన రెండో ఆడియో ట్రాకుగా పాత మోనో కూడా పెట్టండి. ఖర్చు ఏమంత ఉండదు.

ఈ వారం ఏదో ఒకటి మొదలెట్టాలనుకుంటే, అటక మీంచి వీసీడీలు దించి, గీతలు తక్కువ ఉన్నవి కాపీ చెయ్యండి. ఫైలు పేరులో సినిమా, డిస్కు నంబరు, ఎన్ని ఫ్రేములదో, వేగం సరిచేశారో లేదో రాయండి. వెనిగర్ వాసన వచ్చే డబ్బా ఎవరింట్లో ఉందని తెలిసినా, వీసీడీలు పక్కన పెట్టి ముందు అక్కడికి పరిగెత్తండి.