సీకమ్ గవ్వల మీద ఆరేళ్లు: 7–45 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్ సమీక్ష

సన్న గవ్వల కోసం మైక్రోస్కోప్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని రెట్లు?’ అనే. అడగాల్సింది ‘వెలుగు ఎటునుంచి?’ అని. సీకమ్ (Caecum) అనే బుల్లి సముద్రపు నత్త గవ్వ 2–3 మిల్లీమీటర్లే, దానికి 45 రెట్లు సరిపోతాయి. ఈ మైక్రోస్కోప్‌తోపాటు వచ్చిన రింగు లైటే ఆ పనికి సరిపోదు.

1813లో స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ ఫ్లెమింగ్ పేరు పెట్టిన ఈ ప్రజాతి పుట్టడం మామూలు నత్తలాగే చుట్ట తిరిగి పుడుతుంది. తర్వాత చుట్ట వదిలేసి వంపు గొట్టంగా పెరుగుతుంది. పెరిగేకొద్దీ లోపల అడ్డుగోడ కట్టుకుంటుంది, దాని వెనకున్న పాత ముక్క విరిగి రాలిపోతుంది. అందుకే ఎదిగిన గవ్వకు కొసన చుట్ట ఉండదు, చుట్లు లెక్కపెట్టే పద్ధతి దీని దగ్గర చెల్లదు. జాతిని తేల్చేవి అడ్డుగోడ ఉబ్బు, దాని మీది చిన్న మొన, గొట్టం మీది ఉంగరాలు, మూతి అంచు. ఎదిగే దశను బట్టి ఇవీ మారొచ్చు. పిల్ల గవ్వ ఒక్కటే చేతికొస్తే జాతి పేరు రాయకుండా పక్కన పెట్టడమే మంచిది.

రింగు లైటు చుట్టూ సమానంగా పడి నీడను చంపేస్తుంది. పలచటి ఉంగరాలున్న గవ్వ దాని కింద నున్నగా కనిపిస్తుంది. దాన్ని ఆర్పేసి, మెడ వంగే ఎల్‌ఈడీ దీపం ఒక్కటే, గవ్వకు దాదాపు 20 డిగ్రీల ఎత్తు నుంచి వేయాలి. ఉంగరాలు గొట్టానికి అడ్డంగా ఉంటాయి కాబట్టి వెలుగు గొట్టం పొడవునా పారాలి. నిలువు గీతలు వెతకాలంటే గవ్వను 90 డిగ్రీలు తిప్పాలి. ఈ ఒక్క మార్పుతో అదే గవ్వ మీద ఒక్కో ఉంగరానికీ సన్నని నీడ గీత లేస్తుంది, లెక్కపెట్టడానికి వీలవుతుంది.

గవ్వను నిలబెట్టడానికి ప్లాస్టిసిన్ వాడితే నూనె మరక అంటుకుంటుంది. బాగా కడిగి ఆరబెట్టిన సన్న నల్ల ఇసుక పెట్రీ డిష్‌లో పోసి, అందులో గుచ్చితే కావలసిన కోణంలో నిలుస్తుంది. మొన ఆకారం పక్క నుంచే తెలుస్తుంది. పైనుంచి చూస్తే వేలు లాంటి మొన, త్రికోణపు మొన రెండూ చుక్కల్లాగే ఉంటాయి. 45 రెట్ల దగ్గర వంపు మొత్తం ఒకేసారి ఫోకస్‌లోకి రాదు, వంపు అడ్డంగా పడుకునేలా సర్దుకోవాలి.

ఏది సీకమ్, ఏది కాదు అన్నదీ ఇక్కడే తేలుతుంది. 1803లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త మాంటెగ్యు రెండు సీకమ్ జాతులను డెంటాలియమ్ (ఏనుగు దంతంలా ఉండే గవ్వ) అనే రాశాడు, అంత పోలిక. డెంటాలియమ్‌కు రెండు కొసలూ తెరుచుకునే ఉంటాయి. సూర్యలంక ఇసుక జల్లించేటప్పుడు మోసం చేసేవి ఎక్కువగా పురుగుల సున్నపు గొట్టాల ముక్కలు. వాటికి కొసను మూసే ఇలాంటి అడ్డుగోడ మామూలుగా ఉండదు. 0.5 మిల్లీమీటర్ల జల్లెడ వాడండి. 1 మిల్లీమీటరు జల్లెడలోంచి సీకమ్ నిలువుగా జారిపోతుంది.

కొలతకు 100 గీతల స్కేలున్న ఐపీస్ విడిగా కొనాలి. జూమ్ నాబ్ 4 దగ్గర (అంటే 40 రెట్లు) ఒక్క గీత 0.025 మిల్లీమీటర్లు, అంటే 2.5 మిల్లీమీటర్ల వరకే స్కేలులో పడుతుంది, అంతకు మించితే 3కి దిగాలి. ఈ లెక్కను నమ్మకుండా స్టేజ్ మైక్రోమీటర్‌తో (కచ్చితమైన కొలత గీతలున్న గాజు పలక) సరిచూసుకోవాలి. ఈ జూమ్ నాబ్‌కు టక్కుమని ఆగే మెట్లు లేకపోవడం పెద్ద లోపం. చెయ్యి తగిలి కదిలితే కొలత అంతా తప్పు. నాబ్ మీద సన్న తెల్ల గీత గీసుకోవడం తప్ప దారి లేదు.

విజయవాడ ఎండాకాలంలో ఫోకస్ నాబ్ గ్రీజు పలచబడి తల మెల్లగా కిందికి జారుతుంది. బిగువు రింగును కాస్త తిప్పితే ఆగుతుంది. వానాకాలంలో లెన్సులకు బూజు భయం, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచాలి, రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టాలి. గవ్వలను మాత్రం చెక్క పెట్టెలో, అట్ట డబ్బాలో దాచకండి. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి ఈ తేమలో సున్నాన్ని తినేసి, ముందు ఉంగరాలనే తెల్లపొడి చేస్తుంది. మంచినీళ్లలో ఉప్పు పోయేదాకా కడిగి, ఆరాక గాజు గొట్టంలో పెట్టాలి.

పిల్ల చుట్ట మీది సూక్ష్మ చెక్కడానికి ఇది చాలదు, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. కొనేటప్పుడు కెమెరా బిగించే మూడో గొట్టం ఉన్న మోడలే తీసుకోండి. ఐపీస్‌కు ఫోన్ ఆనించి తీసిన ఫొటోలో అంచులు వంగుతాయి, ఆ ఫొటో మీద మొన కోణం కొలవడం కుదరదు.