పాత బండిలో మోటుల్ 5100: డబ్బా వెనక ఏముందో చదివి కొన్న ఆయిల్

పాత మోటార్‌సైకిల్‌కి ఏ ఇంజిన్ ఆయిల్ మంచిదని అడిగితే పదిమంది పది బ్రాండ్లు చెబుతారు. అందులో చాలామంది డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలే చూసి చెబుతారు. పనికొచ్చే సమాచారమంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను ఇప్పుడు వాడుతున్నది మోటుల్ 5100, చిక్కదనం గ్రేడ్ 10డబ్ల్యూ-40. ఇది సెమీ సింథటిక్, అంటే మినరల్, సింథటిక్ నూనెలు కలిపి చేసింది; ఎస్టర్ అనే సింథటిక్ నూనె కూడా ఉన్న ఆయిల్. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గుర్తు ఎంఏ2 అని ఉంటుంది. నేను దీన్ని ఎంచుకున్నది ఆ గుర్తూ, 10డబ్ల్యూ-40 అన్న అంకె చూసే.

నా బండి 1990లలో తయారైన ఎయిర్ కూల్డ్ సింగిల్ సిలిండర్. కార్బ్యురేటర్ బండి. కాగితం ఫిల్టర్ లేదు. క్రాంక్ చివర తిరుగుతూ మడ్డిని తన గోడలకు పట్టి ఉంచే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్, అడుగున ఒక జాలీ, అంతే. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ మూడింటికీ ఒకటే ఆయిల్. పాత బండికి ఆయిల్ ఎంచుకునేటప్పుడు మొదట పట్టించుకోవలసింది ఈ చివరి విషయమే.

కారులో క్లచ్ పొడిగా, విడిగా ఉంటుంది. కాబట్టి కారు ఆయిల్ ఎంత జారుడుగా ఉంటే అంత మేలు. మన బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇంధనం ఆదా కోసం కొన్ని కారు ఆయిళ్లలో కలిపే జారుడు మందులు ఆ పట్టును తగ్గించేస్తాయి. ఒకసారి ఒక మెకానిక్ నా బండిలో కారు ఆయిల్ పోశాడు. టాప్ గేర్లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గోల పెరిగేది కానీ బండి ముందుకు ఉరికేది కాదు. ఆ ఆయిల్ తీసేసి సరైనది పోశాక క్లచ్ మెల్లగా దారికొచ్చింది, అదృష్టం కొద్దీ ప్లేట్లు మార్చాల్సిన పని పడలేదు.

ఈ ఇబ్బంది తప్పించడానికే జపాన్‌లో 1998లో జాసో టి903 ప్రమాణం తెచ్చారు. 2006 సవరణలో, క్లచ్ ఆయిల్‌లో మునిగే బండ్లకిచ్చే ఎంఏ గుర్తును ఎంఏ1, ఎంఏ2 అని విడగొట్టారు. ఎంఏ2 అంటే క్లచ్ పట్టు ఎక్కువ. ఎంబీ అంటే తక్కువ, అది క్లచ్ ఆయిల్‌లో మునగని స్కూటర్లకు. గేర్ల బండికి ఎంబీ ఆయిల్ కొనొద్దు, ఎవరెంత నచ్చజెప్పినా సరే. డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుండ్రటి ముద్ర కింది భాగంలో ‘రిసోర్స్ కన్సర్వింగ్’, అంటే ఇంధనం ఆదా చేసే రకం అని ఉన్నా అక్కడే పెట్టేయండి.

మరో అనుమానం పాత బండ్ల వాళ్లందరికీ వస్తుంది. మాన్యువల్లో ఏపీఐ నాణ్యత తరగతి ఎస్ఈ లేదా ఎస్ఎఫ్ అని ఉంటుంది, దుకాణంలో ఉన్నవేమో తర్వాత వచ్చిన ఎస్ఎల్, ఎస్ఎన్. కొత్త అక్షరం పాత ఇంజిన్‌కి పడదేమోనని టెన్షన్. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పాత ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్ మీద రాకర్ అనే చిన్న మీట రాసుకుంటూ కదులుతుంది, మధ్యలో రోలర్ ఉండదు. ఆ ఒరిపిడిని తట్టుకోవడానికి జింకు, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే మందు కావాలి. కార్లలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని ఎస్ఎమ్ తరగతి నుంచి పలచని గ్రేడ్లలో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి మించనివ్వలేదు. అయితే ఆ పరిమితి 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటి వాటికి లేదు. పైగా జాసో ప్రమాణం ఫాస్ఫరస్ కనీసం 0.08 శాతం ఉండాలంటుంది. అంటే ఎంఏ2 ముద్ర ఒక్కటి క్లచ్‌నూ కాపాడుతుంది, క్యామ్‌నూ కాపాడుతుంది. నాకు ఈ సంగతి తెలిశాక అక్షరాల గురించి ఆలోచించడం మానేశాను.

ఇక అంకెలు. నా మాన్యువల్లో వాతావరణాన్ని బట్టి వాడమని 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 రెండూ ఇచ్చారు. మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఇంతకుముందు మినరల్ 20డబ్ల్యూ-50 వాడేవాణ్ణి. మంచి ఆయిలే. కానీ చల్లని పొద్దున కిక్ బరువుగా ఉండేది, ఫస్ట్ గేర్ వేస్తే ‘ఠక్’మని బండి ముందుకు కుదుపు ఇచ్చేది. చిక్కటి ఆయిల్ ప్లేట్ల మధ్య అంటుకుని క్లచ్ పూర్తిగా విడవకపోవడమే అందుకు కారణం. 5100 పోశాక ఆ కుదుపు బాగా తగ్గింది. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ వెతుక్కోవడం తేలికైంది. ఎండలో, ఆగుతూ సాగుతూ నడిపినా గేర్లు మొండికేయడం లేదు. క్లచ్ ఎక్కడా జారలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది గేర్లు పడే తీరు. వెన్నలో కత్తి దిగినట్టు దిగుతాయి.

ఆ హాయి చివరిదాకా ఉండదు. ఇది ఈ ఒక్క ఆయిల్ లోపం కాదు. గేర్ పళ్ల మధ్య నలిగి, చిక్కదనాన్ని నిలబెట్టే పాలిమర్లు తెగిపోతాయి, ఆయిల్ పలచబడుతుంది. గేర్లు మళ్లీ గరుగ్గా పడటం మొదలైతే మార్చే సమయం వచ్చినట్టే. సెమీ సింథటిక్ కదా అని మాన్యువల్ చెప్పిన దూరాన్ని సాగదీయడం నాకిష్టం లేదు. కాగితం ఫిల్టర్ లేని బండిలో అయితే అసలే వద్దు.

ఒక లోటు చెప్పాలి. మినరల్ 20డబ్ల్యూ-50తో పోలిస్తే ఆయిల్ కాస్త ఎక్కువ తాగుతోంది. పిస్టన్ రింగులు అరిగిన ఇంజిన్‌లో ఇది సహజమే. వారానికోసారి బండిని మెయిన్ స్టాండ్ మీద నిటారుగా నిలిపి, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు డిప్‌స్టిక్ చూస్తాను. స్టిక్‌ను మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. మాన్యువల్ చూసుకోండి, లేకపోతే లెక్క తప్పి ఎక్కువ పోసేస్తారు.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందని అంటారు. సీళ్లు గట్టిపడి ఎప్పుడో పాడైతే, ఇన్నాళ్లూ మడ్డి ఆ సందును మూసి ఉంచితే, కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేసినప్పుడు కారడం బయటపడుతుంది. నాకు అలా జరగలేదు. జరిగితే మార్చాల్సింది సీలు, ఆయిల్ కాదు. పొగ విషయమూ అంతే. స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు చూపించండి, లాగేటప్పుడల్లా వస్తుంటే రింగులు చూపించండి. చిక్కటి ఆయిల్ పొగను కొంతకాలం కప్పుతుంది, అరుగుదలను ఆపదు. టాపెట్ల చప్పుడుకు కూడా ముందు వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు (క్లియరెన్స్) సరిచేయించండి.

మీ బండి ఎండ ప్రాంతంలో ఎక్కువసేపు బరువు మోస్తూ తిరిగేదైతే, మాన్యువల్ ఒప్పుకుంటే, ఎంఏ2 ముద్ర ఉన్న మినరల్ 20డబ్ల్యూ-50 చాలు. దానికోసం ఇంత ఖర్చు అక్కర్లేదు. చల్లని పొద్దుల్లో స్టార్ట్ చేసి, ఆగుతూ సాగుతూ నడిపేవాళ్లకు 5100 10డబ్ల్యూ-40 ఇచ్చే తేడా చేతికీ కాలికీ తెలుస్తుంది. పోసే ముందు పాత ఆయిల్‌ను ఇంజిన్ వెచ్చగా ఉండగా దింపండి, డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేయండి, సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ విప్పి చాలాకాలమైతే అదీ విప్పించండి. అందులో గట్టిపడిన మడ్డి ఉండగా ఎంత మంచి ఆయిల్ పోసినా తొందరగానే నల్లబడుతుంది.