రెండేళ్లు వాడాక: కుక్కల తిండి బంతి

మా జానీగాడి కోసం రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో కొన్నాను. గట్టి ప్లాస్టిక్ బంతి, ఒకవైపు బొటనవేలు దూరేంత కన్నం. లోపల డాగ్ ఫుడ్ పోస్తే, ముక్కుతో దొర్లించినప్పుడల్లా రెండు మూడు గింజలు రాలతాయి.

మొదటిరోజు పక్కనే గిన్నెలో అదే ఫుడ్ పోసి ఉంచాను. జానీ గిన్నెలో రెండుసార్లు మూతి పెట్టి, బంతి వెనకాల పడ్డాడు. గిన్నె అలాగే ఉంది. "ఎదురుగా పెట్టింది వదిలేసి ఈ తిప్పలేంట్రా వీడికి" అంది అమ్మ.

ఇదేదో మావాడి పిచ్చి అనుకున్నా. కాదట. 1963లో గ్లెన్ జెన్సెన్ అనే పరిశోధకుడు 200 ఎలుకలకు ఓ పక్క గిన్నెడు తిండి, ఇంకో పక్క నొక్కితే గింజ పడే మీట పెట్టి చూశాడు. గిన్నె నిండా ఉండగానే చాలావరకు మీట నొక్కుతూ కూర్చున్నాయి. తర్వాత పావురాలూ, చిలుకలూ అంతే చేశాయి. తిండి ఎక్కడ, ఎలా దొరుకుతుందో ఆరా తీసే గుణం కడుపు నిండినా పోదని ఒక వివరణ.

ఆకలి దగ్గర మాత్రం లెక్క మారుతుంది. మేం ఊరెళ్లి రాత్రి ఆలస్యంగా వచ్చిన రోజు బంతి ఇస్తే, దాన్ని ఒక్క తన్ను తన్ని వంటింటి గుమ్మంలో మొరిగాడు. అందుకే ఇప్పుడు సగం తిండి గిన్నెలో పెట్టి, కాస్త కుదుటపడ్డాక మిగతాది బంతిలో పోస్తున్నా. తిండి మొత్తం బంతిలోనే పెట్టాలనుకునేవాళ్లు కొనకండి.

పిల్లికైతే అసలు దండగ. మా పిల్లి వాసన చూసి వెళ్లిపోయింది. 2021లో కాలిఫోర్నియాలో 17 పిల్లులతో చేసిన పరీక్షలోనూ ఎక్కువ తిన్నది ఊరికే పెట్టిన పళ్లెంలోంచే.

ఇక బాధలు. టైల్స్ మీద చప్పుడు భరించలేం. పొద్దున్నే ఐదింటికి మొదలెడితే కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చేసింది. ఇప్పుడు పాత బొంత పరుస్తున్నా. లోపల జిడ్డు పట్టి కంపు కొడుతుంది, బాటిల్ బ్రష్‌తో వారానికోసారి తోమాల్సిందే. లేకపోతే చీమలు. పెరుగన్నం ఇందులో పట్టదని వేరే చెప్పక్కర్లేదు.

ఈమధ్య కన్నం అంచు కొరికి అరగదీశాడు. నాలుగు దొర్లింపులకే ఖాళీ అయిపోతోంది, వాడికీ సరదా తగ్గింది. ఈసారి కన్నం సైజు మార్చుకునే రకం చూస్తున్నా.