కత్తి మేలా, ఈటె మేలా: కథలో వీరుడి చేతికి ఏమిద్దాం?

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. తీరిక దొరికితే ఒక ఊహాలోకపు కథ రాస్తుంటాడు. కొండ మీద కోట, కింద శత్రుసేన, మధ్యలో ఒక యువరాజు. ఆ కోటను చంద్రగిరిని చూసి అల్లుకున్నాడని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. మూడో పేజీకి వచ్చేసరికి యువరాజు 10 కిలోల ఖడ్గాన్ని గిరగిరా తిప్పుతూ వందమంది మీద పడ్డాడు. నేనేమీ అనలేదు. వంటింట్లోంచి 5 కిలోల బియ్యం సంచి తెచ్చి, చెయ్యి చాపి పట్టుకోమన్నాను. ఇరవై లెక్కపెట్టేలోపు సంచి నేల మీద ఉంది.

"ఇలాంటివి రెండు కలిపితే మీ యువరాజు కత్తి. పైగా తిప్పాలి" అన్నాను.

ఒంటి చేత్తో వాడిన అసలు యుద్ధఖడ్గాలు చాలావరకు కిలో, కిలోంబావు దగ్గర తూగుతాయి. రెండు చేతుల కత్తులు కూడా సాధారణంగా 3 కిలోలు దాటవు. కత్తి గొప్పదనం బరువులో లేదు, కోరిన చోట ఆగడంలో ఉంది. తిప్పినది ఆపలేకపోతే ఆ తర్వాతి దెబ్బ ఎదుటివాడిదే.

బరువు తగ్గించాక అసలు ప్రశ్న వచ్చింది. కత్తి మేలా, ఈటె మేలా? వాడు కత్తి పక్షం, నేను ఈటె పక్షం. మాటలతో తేలదని మిద్దె ఎక్కాం. మామిడికాయలు కోసే దోటికి కొక్కెం ఊడదీసి చివర గుడ్డ చుట్టాను. అదే నా ఈటె, దాదాపు 8 అడుగులు. వాడి చేతిలో క్రికెట్ స్టంపు, 28 అంగుళాలు. కత్తి అలుగు కూడా సుమారుగా అంతే ఉంటుంది. ఎవరి గుడ్డ, ఎవరి కర్ర ముందు ఒంటికి తగిలితే వాళ్లది గెలుపు.

పది ఆటల్లో ఎనిమిది నేను గెలిచాను. నాకు కర్రసాము రాదు, వయసు యాభై దాటింది, మోకాలు నొప్పి. అయినా గెలవడానికి కారణం ఒక్కటే: వాడు నన్ను అందుకోవాలంటే రెండడుగులు ముందుకు వేయాలి, నేను ముంజేయి కాస్త కదిపితే చాలు. వాడు గెలిచిన రెండుసార్లూ ఒకే పని చేశాడు. ఎడమ చేత్తో దోటిని పక్కకు తోసి, మొన దాటి లోపలికి దూసుకొచ్చాడు. ఆ తర్వాత నా చేతిలో ఉన్నది ఉత్త వెదురు. పోరాట సన్నివేశం రాసేవాడికి ఆ ఒక్క అడుగే పెద్ద పెట్టుబడి. ఈటె ముందు నిలిచిన కత్తివీరుడి కథంతా ఆ అడుగు ఎప్పుడు వేస్తాడన్నదే.

తర్వాత మెట్ల మీద ఆడదామన్నాడు. తెలివైనవాడు. మలుపు దగ్గర నా దోటి గోడకు అడ్డం పడింది, వెనక్కి లాగేలోపు స్టంపు నా భుజాన ఉంది. మూడుసార్లూ అంతే. ఆరుబయట ఈటె రాజు, ఇరుకులో కత్తి రాజు. ఏది మేలని అడిగేవాళ్లు ముందు ఎక్కడ అన్నది చెప్పాలి.

ఖర్చు సంగతి మరొకటి, కథలు రాసేవాళ్లు సాధారణంగా దీని జోలికి పోరు. ఈటె మొనకు పిడికెడు ఇనుము చాలు, మిగతాదంతా కర్ర. కత్తికి మొదలు నుంచి కొస దాకా మంచి ఉక్కు కావాలి. అది వంగాలి, విరగకూడదు, అంచు నిలవాలి. కొలిమి దగ్గర ఆ పదును కుదరడానికి చేయి తిరిగిన కమ్మరి కావాలి. వెయ్యిమంది సైనికులకు ఆయుధం ఇవ్వాల్సిన రాజు ఏం చేస్తాడు? ఈటెలు పంచుతాడు. కత్తి నడుముకు వేలాడే రెండో ఆయుధం, హోదాకు గుర్తు. మావాడి కథలో కాపలావాళ్లందరికీ కత్తులే ఉన్నాయి. ఖజానా ఎవరిదిరా అంటే నవ్వాడు.

విల్లు గురించి రెండు మాటలు చాలు. పాత యుద్ధాల విళ్లలో బలమైనవి లాగడానికి 40 కిలోలకు పైగా బలం కావాలి. అలాంటి నారిని చెవిదాకా లాగి పట్టుకుని శత్రువుతో పేజీడు సంభాషణ నడిపించకండి.

గద మాత్రం నాకు ఇష్టమైన ఆయుధం. చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజు గుడి దగ్గర భారతం జరిగితే, చివర్లో మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర భీముడి వేషధారి గద ఎత్తుతాడు. చిన్నప్పుడు అది బలప్రదర్శన అనుకునేవాణ్ని. కవచం తొడిగినవాడిపై కత్తి అంచు జారిపోతుందని, గద దెబ్బ మాత్రం కవచం చిరగకపోయినా లోపలి ఎముకను వదలదని తర్వాత తెలిసింది. మీ కథలో ఇనుప కవచాలుంటే కత్తి కంటే గద మేలు. కవచాలు లేని లోకంలో గద మోయడం దండగ.

మావాడి యువరాజు దగ్గర మంత్రపు అగ్నిబాణం కూడా ఉంది. దానికి పోటీగా మన చరిత్రలోంచి ఒకదాన్ని నిలబెట్టాను. మైసూరును ఏలిన హైదర్ అలీ 1782లో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 1780లో, కంచి దగ్గర పొల్లిలూరులో అతని సేన ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని చిత్తుగా ఓడించింది. ఆ సేన దగ్గర ఇనుప గొట్టపు రాకెట్లు ఉండేవి. అట్ట గొట్టం తట్టుకోలేని ఒత్తిడిని ఇనుప గొట్టం తట్టుకుంటుంది, కాబట్టి మందు గట్టిగా కూరవచ్చు, దూరం పెరుగుతుంది. వెదురు బద్ద కట్టిన అలాంటి రాకెట్టు కిలోమీటరుకు కాస్త అటూ ఇటూగా వెళ్లేది. గురి మాత్రం అంతంతమాత్రమే. ఫిరంగి గురి మెరుగు, కానీ దాన్ని కొండ మీదికి ఎద్దులతో లాగించాలి. రాకెట్టును ఒక మనిషి భుజాన వేసుకుని ఎక్కేస్తాడు. కొండకోట కథకు నా ఓటు రాకెట్టుకే. ఎప్పుడూ తగిలే మంత్రం కంటే, ఒక్కోసారి దారి తప్పి మనవాళ్ల వైపే తిరిగే నిప్పు చదివేవాణ్ని కూర్చోబెడుతుంది.

వాడి రెండో కథ అంతరిక్షంలో. శ్రీహరికోట ఇప్పుడు మా జిల్లాలోనే ఉంది మరి, ఆ మాత్రం ధీమా ఉండాలి. అక్కడ తగువు లేజరుకూ తుపాకీ గుండుకూ. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వచ్చే కిలో ఇనుప ముక్క టీఎన్‌టీ అనే పేలుడు మందు దాదాపు కిలో పేలినంత శక్తి మోస్తుంది, వేరే మందు అక్కర్లేదు. అయితే 1,000 కిలోమీటర్ల దూరం దాటడానికి దానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎదుటి నౌక భూమి గురుత్వంలో వెయ్యోవంతు తోపుతో పక్కకు జరిగినా అర కిలోమీటరు తప్పుకుంటుంది. లేజరుకు ఆ బాధ లేదు, రెప్పపాటు కూడా పట్టదు. కానీ మీటరు వెడల్పు అద్దంతో పంపినా కాంతి అంత దూరంలో రెండున్నర మీటర్ల మచ్చగా పరుచుకుని పలచబడుతుంది. దాన్ని పుట్టించడంలో వచ్చిన వేడి సొంత నౌకలోనే మిగులుతుంది. గాలి లేని చోట వేడిని పెద్ద పెద్ద రేకుల మీంచి మెల్లగా వెలువరించడం తప్ప దారి లేదు. శత్రువు ముందు ఆ రేకులనే కొడతాడు. ఇక లేజరు గీత కనిపించదు, చప్పుడూ వినిపించదు. మావాడు రాసిన "జుయ్" శబ్దాలన్నీ నేనే కొట్టేశాను.

యుద్ధం గెలవాలంటే, దూరానికి లేజరే మేలు. కథ నిలవాలంటే గుండు మేలు అంటాను. ఆ అయిదున్నర నిమిషాలు నౌకలో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో రాసే అవకాశం లేజరు ఇవ్వదు. పైగా తగలని గుండు మాయమైపోదు, కక్ష్యలో తిరుగుతూనే ఉండవచ్చు. 2019 మార్చి 27న మన దేశం సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో సొంత ఉపగ్రహాన్నే క్షిపణితో కొట్టింది. శకలాలు త్వరగా రాలిపోవాలని అంత తక్కువ ఎత్తు ఎంచుకున్నారు. అయినా కొన్ని ముక్కలు అంతకంటే పైకి ఎగిరాయి. కథలో గెలిచినవాడు ఇంటికి తిరిగి రావాల్సింది అదే దారిన.

పోయిన వారం కొత్త ప్రతి పంపాడు. యువరాజు చేతిలో ఈటె ఉంది, నడుముకు కిలోంబావు కత్తి. కోట గుమ్మం దాకా బాగానే వచ్చాడు. రాత్రి పదకొండింటికి ఫోను మోగింది.

"మామా, మెట్ల దగ్గర కత్తి దూస్తాడు సరే. ఈటెను ఎక్కడ పెట్టమంటావు? కింద వదిలేస్తే వెనక వచ్చేవాడు దాంతోనే పొడుస్తాడు కదా?"