కాలవ గట్టా, తారు రోడ్డా?
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చేశాను, 42.195 కిలోమీటర్లు, తీరా చూస్తే రెండు కాళ్ళకీ షిన్ స్ప్లింట్స్, మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంబడి వేలితో నొక్కితే చాలు జివ్వుమంటోంది. అందుకని అమలాపురం దగ్గర మా ఊళ్ళో రెండు దారుల్లోనూ నెల రోజులు పరిగెత్తి చూశానండి.

గట్టు మీద మట్టిదారి కాళ్ళకి హాయి. 8 కిలోమీటర్లు వెళ్ళొచ్చినా మర్నాడు మంచం దిగేటప్పుడు నొప్పి సగమే ఉంటుంది, కాకపోతే వాన పడిందంటే జిగురుమట్టి బూట్ల కింద అట్టలు కట్టేసి కాలు లేవదు, ట్రాక్టర్ గాడిలో చీలమండ మెలికపడితే అదింకో గొడవ.

తారు రోడ్డు మీద పేస్ నిలకడగా వస్తుంది, పైగా రేసు జరిగేది దాని మీదే కదా, ఆ గట్టిదనం కాళ్ళకి అలవాటవ్వాలి. కానీ రోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది, రోజూ ఒకే పక్క పరిగెత్తితే భారం రెండు కాళ్ళ మీదా సమానంగా పడదు. హైదరాబాద్ రేసు దారిలోనేమో ఫ్లైఓవర్లు ఎక్కాలి, మన కోనసీమలో ఎత్తెక్కాలంటే గోదావరి బ్రిడ్జి అప్రోచ్ తప్ప ఏముందండి!

నేనైతే గట్టుకే ఓటేస్తాను, వారానికి మూడు రోజులు గట్టు, ఒక్కరోజు రోడ్డు. నొప్పి ఎముక అంచంతా కాకుండా రూపాయి బిళ్ళంత చోటే గుచ్చినట్టుంటే మాత్రం గట్టూ వద్దు రోడ్డూ వద్దు, అది ఎముకలో సన్న పగులు కావచ్చు, పరుగు ఆపేసి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి.